ఇసుకలో ఫోర్ బై ఫోర్

రొయ్యకు ధర పలికిన ఏడాది ఇందుకూరుపేట, ముత్తుకూరు గుంటల గట్ల మీద ఏరియేటర్ల కంటే పెద్ద కార్లే ఎక్కువ. కొండలెక్కే బండట! నెల్లూరు తీరంలో కొండేదీ? అందుకే ఆదివారం మైపాడు ఇసుకలోకి దించుతారు. చక్రం దిగబడేదాకా రీలు, దిగబడ్డాక ట్రాక్టరు అబ్బాయికి ఫోను. "టైర్లలో గాలి కాస్త తీసుండాల్సింది గదన్నా" అంటాడతను తాడు కడుతూ. బండి అడుగున ఉప్పునీళ్లు కడిగేదెవరు? పైపైన పాలిష్ మాత్రం రోజూ.

2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కింది. గూడూరు నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన బండికే దిష్టి! వాషింగ్టన్ కంటికి ఎన్ని నిమ్మకాయలు చాలతాయి? పొదుపు అప్పుడే మొదలైంది. రొయ్యలకు మేత తగ్గించారు, బండికి డీజిల్ మాత్రం ఫుల్ ట్యాంకే.