సాయంత్రం ఆరింటి యావకు

మందు యావకి,
కేరాఫ్ చిల్లకల్లు అడ్డరోడ్డు, హైదరాబాద్–విజయవాడ హైవే.

నీకు ఉత్తరం రాస్తున్నానంటే మా ఇంట్లో నవ్వుతున్నారు. నువ్వు చదవవని నాకూ తెలుసు. చదివేవాళ్ళు వేరే ఉన్నారు. జగ్గయ్యపేటలో, నందిగామలో, ఆ మధ్య ఊళ్ళలో ఈమధ్యే తాగుడు మానేసి, పొద్దుగూకేసరికి బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ ముందు నీ గుట్టు విప్పాలనే ఈ బహిరంగ లేఖ.

పగలు నువ్వు కనపడవు. నందిగామ కొట్లో పురుగుమందుల లెక్కలు చూస్తున్నంతసేపూ నువ్వున్నావన్న ఊసే ఉండదు. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరాక, బస్సు కొణకంచి అడ్డరోడ్డు దగ్గర ఆగుతుంది. బజ్జీల బండి మీంచి కాగే నూనె వాసన కిటికీలోకి కొడుతుంది. అంతే, నోట్లో నీళ్ళు ఊరతాయి. బజ్జీ కోసం కాదని నీకూ తెలుసు. దవడలు బిగుస్తాయి, అరచేతులు చెమరుస్తాయి, జేబులో చెయ్యి దానంతటదే నోట్లు తడుముతుంది. అప్పుడు మాటలు మొదలుపెడతావు, అదీ నా గొంతుతోనే. "ఒక్క క్వార్టరేగా! ఎవరికి తెలుస్తుంది? రేపట్నుంచి మానేద్దువులే."

సర్కార్లు నిన్నేం చేయలేకపోయాయి. 1993లో సారా ఆపారు, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. మొన్నమొన్నటిదాకా ఇక్కడ రేట్లు మండిపోతుంటే, గరికపాడు చెక్‌పోస్టు అవతలి తెలంగాణ నుంచి సీసాలు దొంగచాటుగా దిగేవి. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టరు వచ్చింది. ధర పెరిగినా, కొట్టు దూరమైనా నువ్వు కాస్త ఆలస్యంగా వస్తావు. ఆ ఆలస్యమూ మంచిదే, కాదనను. కానీ రావడం మాత్రం మానవు.

ఇక మనవాళ్ళ మందు ఒట్టు. పిల్లల నెత్తిన చెయ్యి పెట్టించి ప్రమాణం చేయిస్తారు. నాకు ఒట్ల మీద నమ్మకం తక్కువ, దీక్షల మీద ఎక్కువ. భవానీ మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. అదంతా భక్తే అయితే, మాల తీసిన మర్నాటికి ఆ భక్తి ఎటు పోయింది? మాలలో ఉన్నన్నాళ్ళూ తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానం, వేళకి భిక్ష, సాయంత్రం పూజ. సాయంత్రమే, చూశావా! రోజూ పక్కన కూర్చుని తాగే స్నేహితుడు కూడా "భవానీ" అంటూ నాలుగడుగులు ఎడంగా నిలబడతాడు. నీకు చొరబడే సందే దొరకదు. విజయవాడ కొండ మీద ఇరుముడి ఇచ్చి, ఎర్ర బట్టలు విప్పి, పాత చొక్కాతో అదే అడ్డరోడ్డులో దిగాడా, అక్కడే కాచుకుని ఉంటావు.

చోటు మారితే నీ బలం ఎంతో విను. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల్ని 1970ల్లో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాకబు చేసింది. అక్కడ హెరాయిన్‌కి బానిసలైనవాళ్ళలో, ఇంటికొచ్చిన మొదటి ఏడాది మళ్ళీ బానిసలైంది నూటికి అయిదుగురే. వాళ్ళకి ఊరే మారిపోయింది. మెట్టలో రెండెకరాల మిరప ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? ఊరు మార్చలేనివాడు ఆరింటినైనా మార్చుకోవాలి.

అందుకే అయిదున్నరకల్లా కొట్లోనే పెరుగన్నం తినేస్తున్నాను. ఖాళీ కడుపంటే నీకు మహా ఇష్టం కదా. అడ్డరోడ్లలో ఆగని ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. జేబులో చార్జీ డబ్బులే ఉంటాయి. ఫోన్‌పే పిన్ను మా ఆవిడ మార్చేసింది.

అయినా వస్తావు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే ఎక్కినప్పుడు బండ్లు ఆగిపోయాయి, నీళ్ళు తీశాక కదిలాయి. నీతోనూ అంతే. అలన్ మార్లట్ అనే అమెరికా సైకాలజిస్టు చెప్పిందీ ఇదే: పోట్లాడొద్దు, లొంగొద్దు, ఒంట్లో ఎక్కడెక్కడ తెలుస్తోందో గమనిస్తూ కూర్చో. నీ ఉధృతి మామూలుగా అరగంటకి మించదు. ఆ అరగంట నిన్ను గొంతులో, దవడల్లో, అరచేతుల్లో వెతుకుతూ కూర్చుంటాను. చిరాకే, కానీ గడుస్తుంది.

ఈ నాలుగు ముక్కలు నీకు కాదు, చదివేవాళ్ళకి. ఏళ్ళతరబడి రోజూ బాగా తాగేవాళ్ళు ఉన్నపళంగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. డాక్టరు కనుసన్నల్లోనే మానాలి. "తెలియకుండా కూరలో కలపండి" అంటూ అమ్మే మందుల జోలికి అస్సలు పోవద్దు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, అది యావని తగ్గించదు. దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలిసి వేసుకున్నవాడు సీసాకి దూరంగా ఉంటాడు, తెలియనివాడి ప్రాణమే పోవచ్చు. యావని తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయి, నాల్‌ట్రెక్సోన్ లాంటివి. లివరూ అదీ చూసి డాక్టరే రాయాలి. ఎవర్ని అడగాలో తెలియకపోతే టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

మళ్ళీ నీ సంగతికొస్తా. సంక్రాంతికి నువ్వు ఒంటరిగా రావు. పందెం బరి దగ్గర మా బావమరిది చేతి గ్లాసులో కూర్చుని వస్తావు. అందుకని వాడికి ముందే ఫోన్ చేసి, నాకు పోయొద్దురా అని చెప్పేశాను. "పండగపూట కూడానా బావా" అని నవ్వాడు. కాసేపాగి, "సరే, మరి ఆరింటికి ఏం చేద్దాం?" అన్నాడు. పేకాట అన్నాడు, వద్దన్నాను. దాని యావ సంగతి వాడికే బాగా తెలుసు. చివరికి జగ్గయ్యపేటలో ఫస్ట్ షోకి తేలింది. టిక్కెట్లు వాడివి. ఏ హీరో సినిమా అన్నదాని మీద గొడవ ఇంకా నడుస్తోంది.

ఇట్లు,
నీ పాత పరిచయస్తుడు