లెక్క లేని రోబో

మా రోజుల్లో పై (π) విలువను పిల్లలు తమ చేతుల్తో రాబట్టేవాళ్లు. సైకిలు చక్రానికి సుద్దముక్కతో గుర్తుపెట్టి, ఆ గుర్తు మళ్లీ నేలను తాకేదాకా వరండాలో నడిపించేవాణ్ణి. పోయిన దూరాన్ని టేపుతో కొలిచి, వ్యాసంతో భాగించమంటే ఒకడికి 3.1 వచ్చేది, ఇంకొకడికి 3.2. తేడా ఎక్కడొచ్చిందో తేలేదాకా, గంట కొట్టినా ఎవర్నీ కదలనిచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు బళ్లకు రోబోలు వచ్చాయి. రావడం మంచిదే. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం కింద ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తున్నారు. మరో 50 వేల ల్యాబులు ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లోనే పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. సంతోషం. ఆ గదిలోకి లెక్కల మాష్టారు అడుగే పెట్టకపోవడం చూస్తేనే నాకు కడుపు మండిపోతుంది.

ఆమధ్య ఒక బడికి వెళ్లాను. తొమ్మిదో తరగతి కుర్రాడు రెండు పసుపు మోటార్ల బండిని నేలమీద పెట్టి, "మీటరు దూరం పోతుంది చూడండి సార్" అన్నాడు. అది మీటరు పోకముందే ఆగిపోయింది. "బ్యాటరీ వీక్ సార్" అంటూ కోడ్‌లో డిలే, అంటే మోటారు తిరిగే సమయం, పెంచాడు. ఈసారి గీత దాటిపోయింది. మళ్లీ తగ్గించాడు. "చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోతుంది నాయనా?" అని అడిగితే నా మొహంకేసి చూశాడు. పరిధి సూత్రం మాత్రం టూ పై ఆర్ అని టక్కున అప్పజెప్పాడు!

ఆ చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు. పరిధి 20.4 సెంటీమీటర్లు. మీటరు పోవడానికి 4.9 చుట్లు కావాలి. చుట్లు లెక్కపెట్టడానికి 20 చీలికలున్న చిన్న బిళ్ల ఆ కిట్‌లోనే ఉంది, సంచి కూడా విప్పలేదు. దాన్ని ఇరుసుకు తగిలించి 98 చీలికలు లెక్కపెట్టించి ఆపితే, బ్యాటరీ నీరసించినా బండి గీత దగ్గరే ఆగేది. కుర్రాడి తప్పేం లేదు. వాడికి నేర్పేది వారానికోసారి వచ్చిపోయే బయటి మనిషి. ఆ వేళకి లెక్కల మాష్టారు పక్క గదిలో సిలబస్ వెంట పరుగెడుతూ ఉంటాడు.

బండి ముందు రెండు కళ్లలా కనిపించే సెన్సర్ సంగతీ అంతే. 40 వేల హెర్ట్జ్ ధ్వనిని వదిలి, ప్రతిధ్వని తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. దూరం కోసం ఆ మైక్రోసెకన్లను పిల్లలు 58తో భాగిస్తారు. 58 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, "కోడ్‌లో అంతే ఉంది సార్." ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది కనుక సెంటీమీటరుకు 29 మైక్రోసెకన్లు, పోను ఇరవై తొమ్మిది, రాను ఇరవై తొమ్మిది. ఈ రెండు ముక్కలు చెప్పేవాళ్లు లేకపోయారు. మా ఇంటర్ రోజుల్లో శృతిదండం మోగించి, గొట్టంలో నీటిమట్టాన్ని పైకీ కిందికీ జరుపుతూ, చెవి ఒగ్గి ఈ వేగాన్ని మేమే కనుక్కునేవాళ్లం.

పైగా 343 అనేది 20 డిగ్రీల గాలిలో మాట. మన ఏప్రిల్ ఎండకు వరండా 40 డిగ్రీలకు ఎక్కితే ధ్వని 355 మీటర్ల వేగం అందుకుంటుంది. మీటరు దూరంలో ఉన్న గోడను సెన్సర్ 97 సెంటీమీటర్లే అంటుంది. ఆ మూడు సెంటీమీటర్లు ఎటు పోయాయని పిల్లల్ని అడగాలి. ఒంటిపూట బడుల కాలంలో ఇంతకంటే మంచి సైన్సు పాఠం ఏముంటుంది?

రోబోతో లెక్కలు నేర్పాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో సీమోర్ పాపర్ట్, ఆయన సహచరులు 1967లో పిల్లల కోసం లోగో భాష తయారుచేశారు. తర్వాత ఆ భాషలో చెప్పినట్టు నేలమీద గీతలు గీసే తాబేలు రోబో వచ్చింది. సమబాహు త్రిభుజం గీయమంటే పిల్లవాడు మూలమూలకీ 60 డిగ్రీలు తిప్పుతాడు. త్రిభుజం బదులు సగం షడ్భుజి పడుతుంది. అప్పుడు వాణ్ణే తాబేలులా నడిచి చూడమనాలన్నది పాపర్ట్ పద్ధతి. నడిస్తే, ఒళ్లు తిరగాల్సింది 120 అని వాడికే తెలుస్తుంది. మూడు మలుపులు, 360. బాహ్యకోణాల మొత్తం ఇక జన్మలో మరిచిపోడు. ఇందులో రోబో పని పిల్లవాడికి వాడి తప్పును చూపించడం.

మన దగ్గరేమో అధికారి వచ్చిన రోజున రోబో బొకే అందిస్తుంది, ఫొటో తీస్తారు, సాయంత్రానికి బీరువాకు తాళం పడుతుంది. తాళాలు మా కాలంలోనూ ఉండేవి, కాదనను. అప్పుడు లోపల ఉన్నది నాలుగు బీకర్లు, ఒక వెర్నియర్. ఇప్పుడు లోపలున్నది లక్షల సామాను.

హెడ్మాస్టర్లు ఒక్క పని చెయ్యాలి. వారానికో లెక్కల పీరియడ్ ఆ ల్యాబులో వెయ్యండి. పరిధి పాఠం వచ్చిన వారం చక్రాలు, కోణాల పాఠం వచ్చిన వారం మలుపులు. లెక్క కాగితం మీద వేశాకే బండికి స్విచ్ వెయ్యనివ్వండి. పిల్లల చేతిలో మోటారు కాలిపోతే స్టాక్ రిజిస్టర్‌లో మాష్టారి పేరు ఎక్కించకండి, దాన్ని ల్యాబు ఖర్చు కింద రాయండి.