మూడో తరగతి ప్రాజెక్టు, నలభై ఏళ్ల విద్యార్థి

మన పిల్లల్లో సృజనాత్మకతకు ఇప్పుడు కొదవేం లేదు. కాకపోతే అది రాత్రి పదకొండు దాటాకే బయటికొస్తుంది, అదీ నాన్న చేతుల్లోంచి. పిల్ల అప్పటికే నిద్రపోయి ఉంటుంది. హాల్లో నేల మీద థర్మాకోల్ షీటు, పక్కన మూత తీసిన ఫెవికాల్ డబ్బా, నాన్న మోచేతుల దాకా మెరుపుల పొడి. అమ్మ యూట్యూబ్ వీడియో ఆపి, కాస్త వెనక్కి జరిపి, "ఇక్కడ గుండ్రంగా కొయ్యమంటున్నాడండీ" అంటుంది. పొద్దున్నే ఆఫీసులో మీటింగున్న మనిషి, శనిగ్రహానికి వలయం నిలబడటం లేదని అగరుబత్తి పుల్ల గుచ్చి చూస్తుంటాడు. తెల్లారేసరికి సౌరకుటుంబం సిద్ధం. కింద మూలన పిల్ల పేరు, సెక్షను. అవి కూడా అమ్మే రాస్తుంది. పిల్ల రాస్తే వంకరపోతాయిగా!

దానికి బహుమతి వస్తే సరే. రాకపోతే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రికి నిద్రుండదు. "ఫస్టొచ్చిన బాబు వాళ్ల నాన్న ఆర్కిటెక్టట. అలాంటివాళ్లని పోటీకి ఎలా రానిచ్చారు?" అని ఒకాయన నిలదీస్తాడు. న్యాయమైన ప్రశ్నే. ఓపిక లేని ఇళ్లకీ దారుంది. బడి ఎదురుగా స్టేషనరీ షాపులో అగ్నిపర్వతం, నీటిచక్రం, గుండెకాయ అన్నీ రెడీమేడ్. షాపాయన "ఏ క్లాసమ్మా?" అని మాత్రం అడుగుతాడు, మరీ బాగుంటే అనుమానమొస్తుందని.

కళలకీ శాస్త్రాలకీ మధ్య గోడలుండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఒకటి నుంచి పదో తరగతి దాకా కళతో ముడిపెట్టిన ప్రాజెక్టు తప్పనిసరి అని అదే ఏడాది సీబీఎస్ఈ అంది. ఉద్దేశం బంగారం లాంటిది. గోడ కూలింది కూడా, నాన్న ఆదివారం మీద.

ఇక బడి సంగతి. వందమందికి పైగా పిల్లలుంటే ఆరు నుంచి ఎనిమిది తరగతులకి కళలు నేర్పడానికి పార్ట్‌టైం బోధకుణ్ణి పెట్టాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. టైంటేబుల్లో డ్రాయింగు పీరియడు కూడా ఉంటుంది, గురువారం ఆఖరి గంట. ఆ గంటలో లెక్కల సారు వస్తాడు, సిలబస్ మిగిలిపోయిందట. ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్ మొదలెట్టిన చోట ఆ గంట కాగితం మీద కూడా కనబడదు.

పోనీ, డ్రాయింగు సారున్న బడికే వెళ్దాం. ఆయన బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు వేస్తాడు. నలభైమంది దించుకుంటారు. రామగుండంలో కిటికీ తెరిస్తే పొగగొట్టాలు కనబడే పిల్లాడూ అదే గుడిసె వేస్తాడు. కూకట్‌పల్లిలో పదో అంతస్తు పిల్లా అదే ఏరు వేస్తుంది. వాళ్ల ఏరు టాంకర్లో వస్తుంది, ఆ సంగతి బొమ్మలోకి రాకూడదు. ఎవడైనా కొండకి వంకాయరంగు వేస్తే ఎర్రసిరాతో సున్నా చుడతారు. తెల్లారగట్ల కొండలు నిజంగా ఆ రంగులోనే ఉంటాయని ఆ వెధవకి తెలుసు. కానీ సారుతో ఎవడు వాదిస్తాడు?

పోటీల అంశాలు చూశారా? భూతాపం, నీటి పొదుపు, స్వచ్ఛ భారత్. యూకేజీ పిల్లలు కూడా రెండు చేతుల మధ్య ఏడుస్తున్న భూగోళాన్ని వేసేస్తారు. ఐదేళ్ల పిల్లకి దోసె ఇష్టం, పక్కింటి పిల్లి ఇష్టం. ఆ రెండూ ఇంతవరకూ ఏ పోటీకీ అంశాలు కాలేదు. వినాయక చవితికి ముందు మట్టి గణపతి వర్క్‌షాపుదీ ఇదే వరస. మట్టి ప్లాస్టిక్ అచ్చులో నొక్కు, తియ్యి, వరసలో పెట్టు. ఎనభైమంది గణపతులకీ ఒకటే బొజ్జ. ఒక పిల్ల ఎలుకకి బల్ల అంచు దాకా తోక లాగింది. మిస్సు వచ్చి తుంచేసింది, ఫొటోలో అన్నీ ఒకేలా ఉండాలని.

వందేళ్లు దాటిన మాట ఒకటి చెప్తాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు అనే కుర్రాడి గీతలో సత్తా చూసి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి దారి చూపించాడు. 1925లో, ముప్పై నిండకుండానే పోయిన ఆ కుర్రాడి పేరున రాజమండ్రిలో ఇవాళ్టికీ ఆర్ట్ గ్యాలరీ ఉంది. రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. అదే కూల్డ్రే ఇవాళ ఏ కార్పొరేట్ కాలేజీలోనో చేరితే నెల తిరక్కుండా పంపించేస్తారు: "మీ సెక్షన్లో ర్యాంకులు పడిపోతున్నాయి సార్." దామెర్ల తండ్రిని పిలిచి, "బొమ్మల పిచ్చి తగ్గించండి, లాంగ్ టర్మ్‌లో వేద్దాం" అంటారు.

ఇంట్లో మనమేం తక్కువ కాదు. రెండేళ్ల పిల్లాడు హాలు గోడ మీద క్రేయాన్‌తో గీస్తే వీపున ఒకటి పడుతుంది. ఐదేళ్లు రాగానే అదే గీత గీయించడానికి వారానికి రెండు క్లాసులు, ఆర్నెల్ల ఫీజు ముందే కట్టాలి. కాగితం మీద ఏదో వేసి తెస్తే మన మొదటి మాట, "ఇదేంట్రా, కుక్కా?" "కాదు, తాతయ్య." ఆపైన వాడు మనకి చూపించడం మానేస్తాడు. వాడి కళ మీద మనకున్న శ్రద్ధ అంతటితో తీరిపోతుంది.

సెలవుల్లో సమ్మర్ క్యాంపుకి డబ్బు కట్టే ముందు పాత క్యాలెండరు కాగితాలు నాలుగు తిరగేసి నేల మీద పరవండి. పిల్లాడికి రంగులిచ్చి, లేచి మీ పని చూసుకోండి. వాడు తెచ్చి చూపించినప్పుడు ఇదేంటని అడక్కండి. ఏదో ఒకటి అడగందే ఉండలేనంటే వచ్చే పేరెంట్స్ మీటింగులో లెక్కల సారుని అడగండి, గురువారం ఆఖరి గంట ఎప్పుడు తిరిగిస్తారని.