నాలుగంకెలు

లాల్‌దర్వాజ బోనాలైన మర్నాడు. ఛత్రినాకలో బ్లౌజులు కుట్టే ఒకావిడ, తన ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టమని కొడుకుని అడిగింది. వాడు అమీర్‌పేటలో ఆండ్రాయిడ్ కోర్సు చేస్తున్నాడు. ఏదో కీబోర్డు దించి, తెర మీదికొచ్చిన హెచ్చరిక చదవకుండానే ఓకే కొట్టేశాడు. (అది పూర్తిగా చదివినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకో దండం.)

"గా నోటీసుల ఏమున్నది బిడ్డా?"

వాడికి హుషారొచ్చింది. వాడి పాఠం ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు మరి.

"కీబోర్డంటే వేరే యాప్ అమ్మా. ఇన్‌పుట్ మెథడ్ అంటరు. 2009ల ఆండ్రాయిడ్ 1.5 వచ్చినకాడి నుంచి ఎవరన్న తయారుచేసుకోవచ్చు. నువ్వు ఏ అక్షరం నొక్కినా ముందు దానికే తెలుస్తది, తర్వాతనే వాట్సాప్‌కు ఇస్తది. పాస్‌వర్డులతో సహా నువ్వు కొట్టేదంతా ఇది చూడొచ్చు, జాగ్రత్త అని ఫోను చెప్తది."

"పాస్‌వర్డుకాడ చుక్కలొస్తయి గదరా?"

"చుక్కలు పక్కనున్నోళ్ల కండ్లకు. ఇది పాస్‌వర్డు డబ్బా అని యాప్ కీబోర్డుకు చెప్తది, అంతే. ఐఫోనైతే ఆడ బయటి కీబోర్డును జరిపి సొంతది తెస్తది."

ఆవిడ హుక్కులు కుడుతూనే ఉంది. "మరి పైసలు పంపే పిన్ను? గది గూడ చూస్తదా?"

"చూడనే చూడదు! ఆ పిన్ పేజీ యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ వాళ్లది. అంకెలు దాంట్లనే ఉంటయి, కీబోర్డుకు ఆడ పనే లేదు. పిన్ తెల్వకుంటే ఆ పేజీ దాటి నీ పైసలు ఎవ్వడు ముట్టలేడు."

"ఎవ్వడు?"

"ఎవ్వడు! నా మాట నమ్ము."

"నమ్మిన." దారం పంటితో తెంపింది. "నా పిన్ ఎరుకైంది ఇద్దరికే. నాకు, పెట్టిచ్చిన నీకు. నిన్న ఫోను ఇంట్లపెట్టి, బోనమెత్తుకొని సింహవాహిని గుడికాడ నిలబడ్డప్పుడు రెండువేలు పోయినయి. అడిగితే హ్యాకైందేమో అన్నవు."

"అంటే... అమ్మా, అదీ..."

"పక్కింటి పిల్ల చూపిస్తే పొద్దుగాలనే పిన్ మార్చుకున్న. ఈ నెల నీ కోర్సు కిస్తుల రెండువేలు తక్కువిస్త. మీ సారుకు నువ్వే జెప్పుకో."