ఒక అనలిస్టు రెజ్యూమే: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఇంత విరివిగా రాసి ఇంత తక్కువగా చదివే ప్రక్రియ మన వాఙ్మయంలో రెజ్యూమే తప్ప మరొకటి లేదు. రాసేవాడు రాత్రంతా మేలుకుంటాడు, చదివేవాడు టీ చల్లారేలోగా ముగిస్తాడు. అందుకే కాబోలు, వ్యాఖ్యాతలెవరూ దీని జోలికి పోలేదు. ఆ లోటు తీర్చడానికి, వెబ్ అనలిటిక్స్ ఉద్యోగం కోరి ఒక అజ్ఞాత కవి రచించిన నాలుగు పాదాలను ఇక్కడ ఎత్తి రాసి యథాశక్తి వ్యాఖ్యానిస్తున్నాను.

వెబ్‌సైటుకు వచ్చినవాళ్లు ఎటునుంచి వచ్చారు, ఏం చూశారు, కొనకుండా ఎక్కడ జారుకున్నారు అని లెక్క తీసి, అందుకు ఏం చేయాలో యజమానికి చెప్పడం వెబ్ అనలిటిక్స్. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ చిక్కు విడదీయడానికి, ఉద్యోగం రాకముందే ఆ పని చేసి చూపించే గ్రంథం పోర్ట్‌ఫోలియో.

మూలము

వెబ్ అనలిటిక్స్‌నందు విశేషాసక్తి గలదు.
టైటానిక్ మొదలగు మూడు ప్రాజెక్టులు చేసితిని.
డ్యాష్‌బోర్డు నిర్మించి బౌన్స్ రేటు నలువది శాతము తగ్గించితిని.
లింకు క్రింద నీయబడినది.

ఛందస్సు, పాఠాంతరాలు, కాలనిర్ణయం

ఇది వచనం. యతి ఒక్కచోటే కనిపిస్తుంది, డిగ్రీకీ కోర్సుకీ నడుమ రెండేళ్ల విరామంగా. కవి దానిమీద మౌనం వహించాడు, మనమూ వహిద్దాం.

రెండో పాదంలో "మూడు" అన్నచోట నౌకరీ ప్రతిలో "అయిదు" అనీ, లింక్‌డిన్ ప్రతిలో "పలు" అనీ పాఠాంతరాలున్నాయి. "ఫైనల్" అనే మాట మూడుసార్లు ఉన్న పీడీఎఫ్ ప్రతినే ప్రమాణంగా తీసుకున్నాను.

కాలాన్ని నైపుణ్యాల పట్టిక పట్టిస్తుంది. అందులో "లుకర్ స్టూడియో" ఉంది. గూగుల్ తన చార్టుల పరికరం డేటా స్టూడియోకు ఆ పేరు పెట్టింది 2022 అక్టోబరులో, కాబట్టి రచన అంతకు ముందుది కాదు. అదే పట్టికలో "యూనివర్సల్ అనలిటిక్స్‌లో దిట్ట" అనీ ఉంది. గూగుల్ వారి ఆ పాత పరికరం మామూలు ఖాతాల్లో 2023 జూలై 1 నుంచి కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది. కోర్సులో చేరింది ఆ తర్వాతే గనుక, ఈ పంక్తి ఎవరో సీనియర్ రెజ్యూమేలోంచి వచ్చి చేరిన ప్రక్షిప్తమని తేల్చవచ్చు. శైలినిబట్టి కవిది అమీర్‌పేట కోచింగు సంప్రదాయం.

ప్రథమ పాదం

ప్రతిపదార్థం: విశేషాసక్తి = కోర్సు ఫీజు కట్టించగలిగినంత ఆసక్తి; గలదు = ఉన్నదని మనవి.

తాత్పర్యం: నాకు ఉద్యోగం కావాలి.

దీనికి వ్యాఖ్య అక్కర్లేదు. ఈ పాదం లేకున్నా అర్థానికి లోటు రాదు.

ద్వితీయ పాదం

ప్రతిపదార్థం: టైటానిక్ = 1912 ఏప్రిల్‌లో మునిగిన ఓడ; మొదలగు = మిగతా రెండూ చెప్పుకోదగ్గవి కావు; చేసితిని = చేసినవారిని చూసి చేసితిని.

తాత్పర్యం: కాగిల్ అనే డేటా అభ్యాస సైటులో అందరూ మొదట చేసేది నేనూ చేశాను.

వ్యాఖ్య: అభ్యాసానికి అక్కడ ఇచ్చే టైటానిక్ పట్టికలో 891 మంది ప్రయాణికులు ఉంటారు. ఎవరు బతికారో లెక్కగట్టడం నేర్చుకునేవాడికి మంచి కసరత్తే. కాని ఆ ఓడకు వెబ్‌సైటు లేదు. టికెట్టు కొనబోయి మధ్యలో మానుకున్నవాడి జాడ ఆ పట్టికలో దొరకదు. వెబ్ అనలిటిక్స్‌కు కావలసింది సరిగ్గా ఆ జాడే.

"మరి డేటా ఎవరిస్తారు?" అంటారా, అడక్కుండానే ఇస్తున్నారు. గూగుల్ తన పేరు ముద్రించిన చొక్కాలూ కప్పులూ అమ్మే దుకాణం ఒకటి నడుపుతుంది. దాని అనలిటిక్స్‌ను డెమో ఖాతాగా ఎవరైనా చూడవచ్చు. అదే దుకాణం తాలూకు 2020 నవంబరు 1 నుంచి 2021 జనవరి 31 దాకా మూడు నెలల డేటా గూగుల్ వారి డేటా గిడ్డంగి బిగ్‌క్వెరీలో బహిరంగంగా ఉంది. కార్డు నంబరు ఇవ్వకుండానే నెలకు ఒక టెరాబైటు దాకా క్వెరీలు ఉచితం. తెలుగు మీద మమకారముంటే, తెలుగు వికీపీడియా వ్యాసాల రోజువారీ వీక్షణల లెక్క 2015 జూలై నుంచి అందరికీ అందుబాటులో ఉంది. అయితే అక్కడ లెక్క తెరిచిన పేజీలదే గాని చదివిన మనుషులది కాదు. ఈ తేడా నివేదికలో ఒక వాక్యంగా రాసినవాడు అప్పుడే సగం అనలిస్టు.

డేటా దొరికాక ప్రశ్న కావాలి. "ఈ-కామర్స్ డేటా విశ్లేషణ" అనేది ప్రశ్న కాదు, పాఠం పేరు. "బుట్టలో వేసుకున్నవాళ్లు డబ్బు కట్టకుండా ఎక్కడ ఆగిపోతున్నారు?" అన్నది ప్రశ్న. పైన చెప్పిన దుకాణం డేటాలో ఈ నాటకానికి ఆరంకాలున్నాయి: వస్తువు చూడటం, బుట్టలో వేయడం, చెకౌట్ మొదలుపెట్టడం, చిరునామా ఇవ్వడం, చెల్లింపు వివరాలు ఇవ్వడం, కొనడం. ఏ అంకం దగ్గర జనం ఎక్కువగా లేచిపోతున్నారో చూసి, ఫోన్లో వచ్చినవాళ్లనూ కంప్యూటర్లో వచ్చినవాళ్లనూ విడదీసి మళ్లీ చూస్తే ఒక ప్రాజెక్టుకు చాలు. అలాంటిది ఒక్కటి నిండుగా ఉంటే మిగతా రెండూ లేకపోయినా నష్టం లేదు.

తృతీయ పాదం

ఈ నాలుగింటిలో రసవత్తరమైన పాదం ఇదే. ఇంటర్వ్యూలో కవి మునిగేదీ ఇక్కడే.

ప్రతిపదార్థం: డ్యాష్‌బోర్డు = పై చార్టులు ఆరు, గేజ్ ఒకటి, కంపెనీ లోగో ఒకటి; నిర్మించి = టెంప్లేటును కాపీ చేసి; బౌన్స్ రేటు = వచ్చి వెంటనే వెళ్లిపోయినవారి శాతమని కవి అనుకున్నది; నలువది శాతము = గుండ్రని అంకె; తగ్గించితిని = తగ్గినట్టు కనబడినది.

తాత్పర్యం: ఏదో తగ్గింది. అప్పుడు నేను దగ్గర్లో ఉన్నాను.

విశేషాంశాలు:

ఒకటి. నలభై శాతం దేనిలో? అరవై ఉన్నది ఇరవై అయితే తగ్గింది నలభై పాయింట్లు. అరవై ఉన్నది ముప్ఫయ్యారు అయితే తగ్గింది నలభై శాతం. ఈ రెంటిలో ఏదని అడిగితే కవి కళ్లు పైకప్పు వైపు వెళతాయి.

రెండు. నిర్వచన భేదం. పాత యూనివర్సల్ అనలిటిక్స్‌లో ఒక్క పేజీ తెరిచి ఇంకేమీ చేయకుండా వెళితే బౌన్స్. అయిదు నిమిషాలు కూర్చుని వ్యాసమంతా చదివినా బౌన్సే. దాని స్థానంలో వచ్చిన జీఏ4లో అలా కాదు. పది సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, ముఖ్యమని గుర్తుపెట్టిన చర్య (కీ ఈవెంటు) ఒక్కటి జరిగినా ఆ సెషన్ నిలిచినట్టే. నిలవనిదే బౌన్స్. అందువల్ల పాత లెక్క పక్కన కొత్త లెక్క పెడితే, సైటులో ఒక్క అక్షరం మారకపోయినా రేటు పడిపోయినట్టే కనిపిస్తుంది. అప్పుడు తగ్గించింది కవి కాదు, నిర్వచనం.

మూడు. ట్యాగు దోషం. లెక్క తీసే కోడు ముక్కే ట్యాగు. ఒకే ట్యాగును సైటు కోడులో ఒకసారి, ట్యాగ్ మేనేజర్లో మరోసారి పెడితే ప్రతి పేజీ రెండుసార్లు లెక్కకొస్తుంది. రెండు పేజీలు చూశాడు గనుక ఎవడూ బౌన్స్ కాడు. అంకె ఉన్నట్టుండి అద్భుతంగా మారితే సంబరపడేముందు ట్యాగు చూసుకోవాలి. కొన్నవాడు "ధన్యవాదాలు" పేజీని రిఫ్రెష్ చేస్తే అమ్మకం రెండుసార్లు నమోదయ్యే దోషమూ ఈ కోవలోదే. ఒకే ట్రాన్సాక్షన్ ఐడీ రెండుచోట్ల ఉందేమో వెతికితే దొరికిపోతుంది. ఇలాంటి దోషం ఒకటి పట్టుకుని ఎలా పట్టుకున్నాడో రాసినవాడి పోర్ట్‌ఫోలియోకు వేరే అలంకారం అక్కర్లేదు.

నాలుగు. కర్తృవిచారం. "తగ్గించితిని" ఉత్తమ పురుష ఏకవచనం. విచారించగా ఇది బ్యాచ్‌లో నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టు. పైగా డేటా డెమో ఖాతాది, అందులో మనకున్నది చూసే అధికారం మాత్రమే. ఎంతసేపు చూసినా పరాయి దుకాణం బౌన్స్ రేటు తగ్గదు. అలంకారం అతిశయోక్తి.

చతుర్థ పాదం

ప్రతిపదార్థం: లింకు = నీలిరంగు అక్షరాలు; క్రింద = రెండో పేజీ చివర; ఈయబడినది = ఈయబడినది, కాని తెరుచుకోనిది.

తాత్పర్యం: నా పని చూడాలంటే ముందు నా అనుమతి కోరండి.

వ్యాఖ్య: ఉద్యోగమిచ్చేవాడు లింకు నొక్కుతాడు. రిపోర్టుకు బదులు "మీకు ప్రవేశం లేదు, యజమానిని అడగండి" అన్న తెర వస్తుంది. యజమాని ఆ సమయానికి మరో ఇరవై కంపెనీలకు అదే లింకు పంపుతూ ఉంటాడు. అనుమతి కోరి ఎదురుచూసే ఓపిక ఏ మేనేజరుకూ ఉండదు.

తెరుచుకున్నా, అవతలివాడు చదివేది మొదటి తెర మాత్రమే. అక్కడ ప్రశ్న, జవాబు, దానికి ఆధారమైన ఒక్క చార్టు, చేయవలసిన పని ఉండాలి. ఎస్‌క్యూఎల్, ట్యాగుల వివరం, డేటా పరిమితులు ఆ కింద ఉంటే చాలు. బాబాయిగారి పెళ్లిపత్రికల ప్రెస్సు సైటుకో, అక్క ట్యూషన్ సెంటరు సైటుకో ట్యాగులు పెట్టి చేసిన ప్రాజెక్టయితే, వాళ్ల అనుమతి ముందే తీసుకుని, స్క్రీన్‌షాట్లలో కస్టమర్ల ఫోన్ నంబర్లూ ఈమెయిళ్లూ లేకుండా చూసుకోవాలి. పరుల వివరాలు దాచలేనివాడికి ఎవరూ తమ డేటా అప్పగించరు.

శంకా సమాధానాలు

శంక: కోర్సులో ఇచ్చిన ప్రాజెక్టునే పెట్టకూడదా?
సమాధానం: పెట్టవచ్చు. అయితే ఆ బ్యాచ్ మొత్తం అదే పెట్టింది, రంగులతో సహా. "ఈ చార్టు ఎందుకు ఎంచుకున్నారు?" అన్న ప్రశ్నకు "సారు చెప్పారు" అన్నది జవాబు కాదు. ఆ డేటా మీదే నీదైన ప్రశ్న ఒకటి వేసుకో.

శంక: ఎంత వెతికినా తేడా ఏమీ తేలకపోతే?
సమాధానం: తేలలేదనే రాయాలి. గూగుల్ దుకాణం డేటాలో కొన్ని విలువలను కావాలనే మరుగుపరిచారు, లెక్కలు అన్నిచోట్లా ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చని ఇచ్చినవారే చెబుతారు. "ఈ డేటాతో ఇంతవరకే చెప్పగలను" అనడం వృత్తిధర్మం, ఓటమి కాదు.

సిద్ధాంతం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ సీమవాడు, కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. రఘువంశానికి వ్యాఖ్య మొదలుపెడుతూ ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. అనలిస్టుకు మూలం డేటా, తాను వ్యాఖ్యాత. ఆ నియమంలో మొదటి సగం పాటిస్తే "నలువది శాతము" ఎగిరిపోతుంది, రెండో సగం పాటిస్తే ఆరు పై చార్టులూ పోతాయి. మిగిలిందే పోర్ట్‌ఫోలియో.

పరిష్కృత పాఠం

గూగుల్ దుకాణం నమూనా డేటాలో కొనుగోలు ఏ మెట్టు దగ్గర ఆగిపోతోందో బిగ్‌క్వెరీలో లెక్క తీశాను.
ఫోన్, కంప్యూటర్ వాడకందార్లను విడిగా చూసి, ముందు ఏ పేజీ సరిచేయాలో సూచించాను.
మరుగుపరిచిన విలువల వల్ల చెప్పలేకపోయినవి విడిగా రాశాను.
పని నా ఒక్కడిదే, ఎస్‌క్యూఎల్‌తో సహా లింకులో ఉంది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారికి ఉద్యోగం వస్తుందని చెప్పను, అది ఈ మూలంలో లేదు. పరిష్కృత పాఠం ప్రకారం పని చేసినవారు మాత్రం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ తడబడరు. రెజ్యూమే పంపేముందు లింకును ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి తెరిచి చూసుకోండి.