ఆచంద్రార్క చార్వాకుడు

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఊరికొక చెరువు, ఊరికొక రావిచెట్టు ఉన్నట్టే ఊరికొక చార్వాకుడు కూడా ఉంటాడు. చెరువు పూడి ప్లాట్లయింది. రావిచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. చార్వాకుడు మాత్రం చెక్కుచెదరలేదు. వెనకటికి గ్రంథాలయం అరుగు మీద దొరికేవాడు, ఇప్పుడు టీకొట్టు బల్ల మీద దొరుకుతున్నాడు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చొక్కా జేబులో రెండు పెన్నులుంటాయి, చంకన సంచి ఉంటుంది, సంచిలో అట్ట ఊడిన పుస్తకం ఉంటుంది. "దేవుడి దయవల్ల అంతా కులాసా" అని పొరపాటున ఆయన ఎదట అన్నామా, ఆ పూట ఆఫీసుకు ఆలస్యమైనట్టే.

మా తెనాలిలో ఈ పదవి సిద్ధాంతిగారిది. సిద్ధాంతాలు మాట్లాడతారని ఊరు పెట్టిన పేరది. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. పల్లెల నుంచి బస్సు దిగినవాళ్లు సిద్ధాంతిగారి ఇల్లెక్కడని అడిగి, జాతకచక్రాలు పట్టుకుని తిన్నగా ఆయన గడప తొక్కుతారు. మొదట్లో కేకలేసి పంపేవారు. రానురాను పద్ధతి మారింది. జ్యోతిషం ఎందుకు బూటకమో అరగంట వివరిస్తారు, "పాపం ఇంతదూరం వచ్చారు కనుక" అని ముహూర్తం పెట్టి పంపుతారు. ఖండించడానికని పంచాంగం కంఠతా పట్టిన మనిషి. కంఠానికి వచ్చిన విద్య ఊరికే కూర్చోదు కదా.

వృత్తి దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద బల్ల వేసుకుని నలభై ఏళ్లపాటు ఊళ్లో ఆస్తులన్నిటినీ ఒకరి పేరు మీంచి ఇంకొకరి పేరు మీదకు మార్చారు. "పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వహక్కులతో, ఆచంద్రార్కం అనుభవించవలసినది" అని పగలంతా రాసి, సాయంత్రం టీకొట్టుకు వచ్చి, ఆస్తి అన్నది లేదు, ఉన్నది కాగితమే అని చెప్పేవారు. ఈ రెండు పనుల మధ్య ఆయనకు ఏనాడూ పేచీ కనిపించలేదు. "ఆస్తి ఉత్త కాగితమని రాసేవాడికి తెలియక ఎవరికి తెలుస్తుందోయ్?" అంటారు.

వయసులో ఉన్నప్పుడు విజయవాడ వెళ్లి పటమటలోని నాస్తిక కేంద్రం చూసి వచ్చారు. ఆ కేంద్రం పెట్టిన గోరాగారు ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అనీ, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడికి సమరం అనీ పేర్లు పెట్టారని విని ముగ్ధులైపోయారు. తనకు 1975లో కొడుకు పుడితే 'అత్యవసరం' అని పెడతానన్నారు. బాలింత ఆ మాట వినగానే పుట్టింటి నుంచి తిరిగి రానని కబురు పెట్టింది. మూడు నెలల రాయబారాల మీదట పిల్లవాడు వేంకటేశ్వర్లు అయ్యాడు. "ఇంట్లో ప్రజాస్వామ్యం ఉండాలిగా" అని ఆయన సమర్థించుకున్నారు.

సిద్ధాంతిగారి సిద్ధాంతాలు మూడు. దేవుడు లేడు. ఆస్తి లేదు. కొరత ఉండబోదు. మొదటిది తేలిగ్గా చెబుతారు, రెండోది ఉద్రేకంగా చెబుతారు, మూడోది చెప్పేటప్పుడు మాత్రం కళ్లు సగం మూస్తారు. మా ఆచార్యులుగారు తిరుప్పావై చదివేటప్పుడు మూసినట్టే.

ఆచార్యులుగారంటే పక్క పెంకుటింట్లో ఉండే అర్చకులు. సిద్ధాంతిగారికి ప్రాణస్నేహితులు, ఆజన్మ ప్రతివాది. పొద్దున్న కైంకర్యం ముగించుకుని టీకొట్టుకు వచ్చి, బల్లకు ఆ చివర కూర్చుంటారు. ఈ చివర సిద్ధాంతిగారు. మధ్యలో మాబోటి వాళ్లం, దెబ్బలాటలో లేగదూడల్లాగా.

ఆస్తి ఎలా పుట్టిందో సిద్ధాంతిగారు ఆర్టీసీ బస్సుతో వివరిస్తారు. "బస్సు ఇంకా ఆగనే లేదు. వీడు కిటికీలోంచి తువ్వాలు విసిరాడు. సీటు వీడిదైంది. ఎక్కి చూస్తే ముసలాయన నిలబడి ఉన్నాడు, తువ్వాలు కూర్చుని ఉంది. అడిగితే 'కనబడట్లా, తువ్వాలేశాను' అంటాడు. ఆస్తంటే ఇంతే! మొదట కంచె కట్టి ఇది నాదన్నవాడిని నమ్మిన అమాయకుల వల్లే ఇదంతా వచ్చిందని రూసో 1755లోనే మొత్తుకున్నాడు. శ్రమ కలిపితే సొంతమవుతుందన్నాడు లాకు. తువ్వాలు విసరడం కూడా శ్రమేనా?"

"గురి చూసి విసరాలి కదయ్యా" అంటారు ఆచార్యులుగారు.

రాజ్యాంగానికి 44వ సవరణ వచ్చి ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసినప్పుడు, అది అమల్లోకి వచ్చిన 1979 జూన్ 20న సిద్ధాంతిగారు టీకొట్టులో అందరికీ తన ఖర్చు మీద టీ పోయించారట. ఆ హక్కు 300-ఏ అధికరణం కింద మామూలు హక్కుగా బతికే ఉందని ఎవరో చెబితే, "కొనఊపిరి" అని కొట్టిపారేశారట. మర్నాడు ఉదయం వేపచెట్టు కింద ఎప్పటిలాగే పది దస్తావేజులు రాశారు.

ఆచార్యులుగారి బ్రహ్మాస్త్రం ఒకటుంది.

"దేవుడు లేడంటావు. మా గుడి కింద మాగాణి ఉంది. పాసుపుస్తకం ఎవరి పేరనుంది?"

సిద్ధాంతిగారు మూతి బిగిస్తారు.

"చెప్పు. అడంగల్‌లో పేరెవరిది?"

"స్వామివారిది."

"కౌలు రసీదు ఎవరి పేరున రాశావు?"

"స్వామివారి తరఫున కార్యనిర్వహణాధికారి పేరున."

"లేనివాడికి పట్టా ఎలా ఇచ్చారయ్యా?"

ఇక్కడ సిద్ధాంతిగారిలోని నాస్తికుడు తప్పుకుని లేఖరి ముందుకొస్తాడు. చట్టం దృష్టిలో విగ్రహం ఒక వ్యక్తి అనీ, ప్రీవీ కౌన్సిలు 1925లోనే ఆ మాట ఖాయం చేసిందనీ, కోర్టులు దేవుణ్ణి మైనరు బాలుడిలాగా చూస్తాయనీ, అందుకే ఆయన వ్యవహారాలు చూడటానికి పెద్దవాళ్లు ఉండాలనీ వివరిస్తారు. "దేవుడు ఆకాశంలో లేడు. రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటే ఉండవచ్చు" అని ముగిస్తారు.

"నాకు అదీ చాలు" అంటారు ఆచార్యులుగారు. "ఎక్కడో ఒకచోట ఉన్నాడని ఒప్పుకున్నావు. పైగా చిన్నపిల్లాడన్నావు. మా కృష్ణుడే."

మూడో సిద్ధాంతం దగ్గరకు వచ్చేసరికి టీకొట్టు బాబాయి కూడా వాదంలోకి దిగుతాడు. అతనికి పుస్తకాలు పట్టవు. టీ పొడి ధర, పాల ధర, గ్యాసు బండ ధర మాత్రం ఆవులించినంత తేలిగ్గా చెబుతాడు.

సిద్ధాంతిగారు కళ్లు సగం మూసి మొదలుపెడతారు. "కీన్స్ అని ఇంగ్లీషు ఆర్థికవేత్త 1930లో ఒక వ్యాసం రాశాడు. వందేళ్లు తిరిగేసరికి మనుషుల తిండికీ గుడ్డకీ లోటుండదు, వారానికి పదిహేను గంటలు పనిచేస్తే చాలన్నాడు. లెక్కేసుకో, 2030 ఎంతో దూరం లేదు."

బాబాయి గ్లాసు కడుగుతూ ఆలోచించాడు. "అంకె కరెక్టుగానే చెప్పాడండీ. నేను పొద్దున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే రాత్రి ఏడింటికి ఆర్పుతాను. పదిహేను గంటలే. కాకపోతే ఆయన రోజుకి అనబోయి వారానికి అన్నట్టున్నాడు."

"నీ సంగతి కాదోయ్! రేపు యంత్రాలు వస్తాయి. విత్తేది యంత్రం, కోసేది యంత్రం, వండేది యంత్రం. అన్నీ గాలిలాగా, ఎండలాగా ఉచితం. ఇక నాదీ నీదీ అన్న మాటకే అర్థం ఉండదు. కొరత పోయిన రోజున ఆస్తి దానంతటదే రాలిపోతుంది. ఆస్తి పోతే భయం పోతుంది. భయం పోతే..." ఆచార్యులుగారి వైపు చూసి, "నీ ఉద్యోగం పోతుంది" అంటారు.

ఆచార్యులుగారు కండువా సర్దుకుంటారు. "సమృద్ధి వస్తే పోట్లాట పోతుందన్నావు. మరి మా పురాణాల్లో సమృద్ధి వచ్చిన చోటల్లా యుద్ధం ఎందుకొచ్చిందయ్యా? వశిష్ఠుడి ఆశ్రమంలో అడిగిందల్లా ఇచ్చే ఆవుంది. కనకనే విశ్వామిత్రుడు సేనను వెంటబెట్టుకుని అడ్డం తిరిగాడు. జమదగ్ని ఇంట్లోనూ అదే కథ, కార్తవీర్యుడు తోలుకుపోయాడు. శమంతకమణి రోజుకు ఎనిమిది బారువుల బంగారం పెట్టేది. ఏమైంది? సాక్షాత్తు కృష్ణుడి మీద దొంగతనం మోపారు. ఇక అక్షయపాత్ర. ద్రౌపది తినేదాకానే. ఆ తర్వాత దూర్వాసుడొస్తే గిన్నె బోర్లించి ఉంది."

"అదీ! ఊరందరికీ ఒక్క ఆవు ఉండబట్టి వచ్చిన తంటా అది. నేను చెప్పేది ఇంటికో కామధేనువు."

"పేడెత్తేది ఎవరండీ?" అన్నాడు బాబాయి.

"యంత్రం."

"యంత్రం ఎవరిదండీ?"

సిద్ధాంతిగారు టీ తాగడం మొదలుపెట్టారు. గ్లాసు ఖాళీ అయి అప్పటికే పది నిమిషాలైంది.

ఆ యంత్రం ఈమధ్య నిజంగానే వచ్చింది. హైదరాబాదులో చదువుకునే మనవడు పండక్కి వచ్చి, ఫోనులో ఏఐని అడిగి ఒక క్రయ దస్తావేజు రాయించాడు. తెలుగులో. నిమిషం పట్టలేదు. యంత్రాల రాక కోసం యాభై ఏళ్లు ఎదురుచూసిన మనిషి కనక పొంగిపోతారనుకున్నాడు పాపం. సిద్ధాంతిగారు కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసి, ఫోను మీద గీయబోయి ఆగారు. "చెక్కుబందీ సరిగా లేదు. తూర్పు హద్దు చెప్పి పడమర మర్చిపోయాడు. ఆచంద్రార్కం అన్న మాటే లేదు! ఇంకేం దస్తావేజు? రేపు పొద్దున సూర్యుడస్తమిస్తే హక్కు పోదూ?" ఆ తర్వాత వారం రోజులు టీకొట్టులో కొత్త సవరణ ఒకటి ప్రకటిస్తూ వచ్చారు. యంత్రాలు అన్ని పనులూ చేస్తాయి, దస్తావేజు రాయడం తప్ప. ఎందుకంటే అది పని కాదు, కళ.

"అర్చన కూడా కళేనయ్యా" అన్నారు ఆచార్యులుగారు. ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు. బాబాయి మాత్రం టీ కాచడం ఏ కోవలోకి వస్తుందో అడగకుండా ఊరుకున్నాడు.

ఇంతకీ వీళ్లిద్దరి మధ్యా ఉన్న అసలు తగాదా దేవుడిది కాదు. కొబ్బరిచెట్టుది. చెట్టు మొదలు సిద్ధాంతిగారి పెరట్లో ఉంది. ఏ తుఫానుకు వంగిందో గాని, తల తీసుకెళ్లి ఆచార్యులుగారి పెరట్లో పెట్టింది. కాయ రాలితే అటే రాలుతుంది. రాలిన కాయ మర్నాటికల్లా గుళ్లో స్వామివారి ముందు పగులుతుంది. నాస్తికుడి చెట్టు రోజూ దేవుడికి కాయ కొడుతోందని ఊరంతా నవ్వుకుంటుంది.

"మొదలు నాది. నీళ్లు పోసింది నేను. శ్రమ కలిసింది" అంటారు సిద్ధాంతిగారు.

"ఇది లాకు మాట కదూ? నువ్వే కొట్టిపారేశావే?"

"కొరత పోయాక కొట్టిపారేస్తాను. అంతవరకూ నా కాయ నాకు పడేయ్."

ఆ మాట విన్న రోజున నాకు ఇద్దరూ ఒక్కలాగే కనబడ్డారు. వైకుంఠంలో ఆకలిదప్పులు లేవు, అద్దె లేదు, తగవు లేదు. సిద్ధాంతిగారి భవిష్యత్తులోనూ అంతే. కోరినన్ని కాయలు ఇద్దరూ ఇస్తారు, అక్కడికి చేరాక. ఈలోగా తెనాలిలో మాత్రం కాయ ఎటు పడిందో చూసుకోవాలి.

చివరికి కాగితం రాసుకుందామని ఒప్పందమైంది. ఒక శుక్రవారం సిద్ధాంతిగారు వంద రూపాయల స్టాంపు కాగితం కొని టీకొట్టుకు వచ్చారు. చిత్తు అప్పటికే నాలుగు పేజీలు. చెట్టు చుట్టూ నాలుగు హద్దులు, పైన ఆకాశం. కుడివైపు గెల ఒకరికి, ఎడమవైపు గెల ఇంకొకరికి. పీచు, మట్టలు, ఈనెలతో సహా, పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కం. ఆచార్యులుగారు విని, "బాగుంది, ఎక్కించు, సంతకం పెట్టేస్తాను" అన్నారు.

సిద్ధాంతిగారు పెన్ను మూత తీసి, గోడ గడియారం చూసి, మళ్లీ మూత పెట్టారు. పది ముప్పై రెండు.

"పన్నెండు దాటనీ."

"ఏం?"

"శుక్రవారం. పదిన్నర నుంచి రాహుకాలం."

బల్ల మీద ఉన్న అందరం ఆయన వైపు తిరిగాం. "నాకు కాదోయ్! నలభై ఏళ్లలో ఏ కక్షిదారూ రాహుకాలంలో కాగితం రాయించుకోలేదు. కక్షిదారు నమ్మకాన్ని గౌరవించాలి."

"ఇక్కడ కక్షిదారును నేనే కదయ్యా, నాకేం పట్టింపు లేదంటున్నాగా, రాయి" అన్నారు అర్చకులు.

"నువ్వు ఇప్పుడలాగే అంటావు. రేపు చెట్టు పడితే నన్నంటావు" అన్నారు నాస్తికులు.

సరే, గంటన్నర గడవాలి కదా. దేవుడు ఉన్నాడా లేడా అన్న దగ్గర మొదలుపెట్టారు. రూసో వచ్చాడు, కామధేనువు వచ్చింది, ప్రీవీ కౌన్సిలు వచ్చింది. టీలు వస్తూనే ఉన్నాయి. పన్నెండు ఎప్పుడు దాటిందో ఎవరూ చూసుకోలేదు. ఒంటిగంటకు ఇళ్ల నుంచి భోజనాలకు పిలుపులు వచ్చాయి. స్టాంపు కాగితం సంచిలోకి వెళ్లింది. ఇప్పటికీ అందులోనే ఉంది.

లేచేటప్పుడు ఎప్పటిలాగే "నేనిస్తా" అంటే "నేనిస్తా" అని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఇద్దరి చేతులూ జేబుల దాకా వెళ్లాయి గాని, ఏదీ బయటకు రాలేదు. బాబాయి ఇద్దర్నీ పంపించేసి, గల్లాపెట్టె మీది పుస్తకం తెరిచి పన్నెండు టీలు రాసుకున్నాడు. ఎవరి పేరున రాస్తున్నాడో చూద్దామని నేను తొంగిచూశాను. పేజీ పైన 'దేవుడి ఖాతా' అని ఉంది. పేజీ దాదాపు నిండింది.

"ఇదేంటి బాబాయ్?"

"ఉన్నాడని తేలితే రైటరుగారు ఇస్తారు, లేడని తేలితే సామి ఇస్తారు" అన్నాడు పొయ్యి మీద గిన్నె దించుతూ. "తేలేదాకా ఆయన పేరునే నడుస్తది."