సముద్రం అద్దెకు ఇవ్వబడును

నేలను ఎకరాలు, గజాలు, అడుగులుగా కొలిచి అమ్మేశాక మనిషికి మిగిలింది సముద్రం. దానిలో హద్దురాళ్లు పాతడం కుదరదు. అందుకని విహార నౌకల కంపెనీలు ఒక ఉపాయం కనిపెట్టాయి. నీళ్లు అమ్మరు, నీళ్లు కనిపించే కన్నం అమ్ముతారు. కన్నం లేని గదికి ఒక రేటు, కన్నం ఉంటే ఇంకో రేటు, కన్నంలోంచి బయటికొచ్చి నిలబడాలంటే మరో రేటు. ఓడ ఒక్కటే, అది ఆగే దీవులు ఒక్కటే, పొద్దున బఫేలో ఇడ్లీ కోసం వెతుక్కోవడమూ అందరికీ ఒక్కటే.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో స్థిరపడ్డ మన సాఫ్ట్‌వేర్ సంసారినే తీసుకోండి. ఊర్నుంచి అమ్మ వచ్చింది, పిల్లవాడికి సెలవులిచ్చారు, గాల్వెస్టన్ రేవు కారులో పోయేంత దూరంలోనే ఉంది. ల్యాప్‌టాప్ తెరవగానే ఊరించే ధర కనిపిస్తుంది. అది గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి పడే ధర. ఒంటిగాడు ఎక్కితే చాలా ఓడల్లో లేని రెండో మనిషి ఛార్జీ కూడా వాడే కట్టాలి. బ్రహ్మచర్యానికి ఇంత బాహాటంగా జరిమానా వేసే వ్యాపారం ఇంకెక్కడుంది? మూడో మనిషి, నాలుగో మనిషి మాత్రం తరచూ చౌక. ఎందుకు కాదూ! వాళ్లకిచ్చేది పగలు కప్పులోనో గోడలోనో ముడుచుకుని, రాత్రికి దిగొచ్చే బల్ల. దానికో నిచ్చెన. కింది మంచం కలిపితే డబుల్, విడదీస్తే రెండు సింగిళ్లు. అత్తాకోడళ్లున్న గదిలో ఏం చేయాలో ఓడ సిబ్బందికి ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పిల్లవాడు నిద్రలో దొర్లుతాడు కాబట్టి తల్లి పక్కనే ఉండాలి. ఇక డబ్బు కట్టిన మహానుభావుడే నిచ్చెనెక్కి కప్పుకు ముక్కు ఆనించుకుని పడుకుంటాడు. టిప్పుల దగ్గర మాత్రం ఈ చౌకబేరం చెల్లదు. చాలా కంపెనీల్లో మనిషికి రోజుకు పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా. చిప్స్ తప్ప ఏమీ ముట్టని అయిదేళ్ల వాడూ ఆ లెక్కలో పెద్దమనిషే.

లోపలి క్యాబిన్ సాధారణంగా 150 నుంచి 180 చదరపు అడుగులుంటుంది. అందులో నలుగురు, నాలుగు సూట్‌కేసులు, ఒక బాత్రూమ్. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటూ పెద్దలు నేరమంతా ఆలి మీదికి నెట్టేశారు. ఓడలో రెండో రోజు పొద్దున బాత్రూమ్ తలుపు ముందు నిలబడి చూస్తే మర్కటాలు ఎందరో తేలిపోతుంది. పోనీ ఇంత అన్నం వండుకుని పచ్చడితో మనసు కుదుటపరచుకుందామా అంటే అదీ లేదు. రైస్ కుక్కర్‌ను సామాను తనిఖీలోనే పట్టేసుకుంటారు.

ఈ గదులను బొమ్మల్లో పెద్దవి చేసి చూపడం ఇవాళ పుట్టిన విద్య కాదు. 1842 జనవరిలో చార్లెస్ డికెన్స్ భార్యతో కలిసి బ్రిటానియా అనే ఆవిరి ఓడలో లివర్‌పూల్ నుంచి అమెరికా వెళ్లాడు. లండన్‌లో ఏజెంటు ఆఫీసు గోడ మీది బొమ్మలో ఆ క్యాబిన్ మహా దర్జాగా ఉంది. తీరా ఓడెక్కితే పెట్టెలు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఆ సంగతి ‘అమెరికన్ నోట్స్’లో రాసి కంపెనీ పరువు సముద్రంలో కలిపాడు. పాపం, ఆ రోజుల్లో వైడ్ యాంగిల్ కెమెరా లేదు, బొమ్మ గీసేవాడి మీదే భారమంతా పడింది.

కిటికీ లేని అభాగ్యులను కంపెనీలు మరిచిపోయాయనుకోకండి. 2011లో వచ్చిన డిస్నీ డ్రీమ్ అనే ఓడ లోపలి గదుల్లో గుండ్రటి తెర బిగించి, ఓడ కెమెరాలు తీస్తున్న సముద్రాన్ని అందులో చూపింది. ఉట్టి సముద్రమైతే పిల్లలకు విసుగని మధ్యమధ్య కార్టూన్ పాత్రలూ వచ్చిపోతాయి. రాయల్ కరీబియన్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి 80 అంగుళాల తెర పెట్టి దానికి వర్చువల్ బాల్కనీ అని నామకరణం చేసింది. సముద్రం మీద ప్రయాణం చేస్తూ సముద్రాన్ని టీవీలో చూసే యోగం మన తాతలకు పట్టలేదు.

అసలు కళాఖండం 2009లోనే ఒయాసిస్ ఆఫ్ ద సీస్ అనే ఓడతో వచ్చింది. ఓడ నడుమ ఆకాశం కనిపించేలా చీల్చి, వేల మొక్కలతో పార్కు వేసి, దాని మీదికి బాల్కనీలు తీశారు. బాల్కనీకి డబ్బు కట్టి, నడిసముద్రంలో తలుపు తీస్తే ఎదురుగా ఎదుటివాళ్ల బాల్కనీ. ఈ వైభవం కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో మనకు వీసా లేకుండానే దొరుకుతోంది. ఎదుటివాళ్ల చీరలు ఆరేసి ఉండడం అదనపు వినోదం.

డబ్బున్నవాడి గతి ఇంకా చిత్రం. 2024 జనవరిలో మయామీ నుంచి తొలియాత్రకు బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడకు ఇరవై డెక్కులు. అందులో కుటుంబాల కోసం మూడంతస్తుల టౌన్‌హౌస్ ఒకటుంది. ఎనిమిది మంది పడుకోవచ్చు. పై అంతస్తు నుంచి కిందికి జారుడుబల్ల, బయట తెల్ల కంచె, పోస్టుబాక్సు. మొదట్లో వారానికి అద్దె 75,000 డాలర్ల దగ్గర మొదలైంది. ఆలోచించండి. కంచె, పోస్టుబాక్సు ఉన్న ఇల్లు ఫ్రిస్కోలో వదిలేసి, దాని నెల వాయిదా కడుతూనే, కంచె, పోస్టుబాక్సు ఉన్న ఇంటికి నీళ్ల మీద మళ్లీ అద్దె కట్టాలి. పోస్ట్‌మ్యాన్ మాత్రం రాడు.

ప్రకటనల్లో కనిపించనివి వేరే ఉన్నాయి. ఓడ ఊపు నడిమధ్య, కింది డెక్కుల్లో తక్కువ. పైకి, ముందుకు, వెనక్కు పోయేకొద్దీ కడుపులో తిప్పడం ఎక్కువ. అంటే ఎక్కువ డబ్బు పోసి పైన కొన్నవాడికి డోకు కూడా మేలురకమే. ఈతకొలను డెక్కు కింద గది దొరికితే తెల్లారకముందే నెత్తి మీద కుర్చీలు ఈడుస్తారు. నాటకశాల పైన దొరికితే అర్ధరాత్రి దాకా డ్రమ్ములు. కొన్ని కిటికీలకు అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతుంది. ప్రాణాలు కాపాడేదాన్ని చూస్తూ పడుకోవడం పుణ్యమే గానీ కిటికీకి డబ్బు తీసుకున్నది అందుకు కాదు కదా. గ్యారంటీ క్యాబిన్ అని మరో రకం ఉంది. రకం మీరు ఎంచుకుంటారు, గది కంపెనీ ఎంచుతుంది. ఎక్కడ ఖాళీ మిగిలితే అక్కడే మీ భాగ్యం.

ఇన్ని తెలిసీ బాల్కనీయే ఎందుకు కొంటాం? సముద్రం కోసమైతే పై డెక్కుకు పోతే చాలు, అక్కడ టికెట్టు అడిగేవాడు లేడు. బాల్కనీ కొనేది కాఫీ కప్పు పక్కన కెరటం పడేలా ఫోటో తీసి, తెనాలిలో ఉన్న తోడల్లుడి వాట్సాప్‌లోకి విసరడానికి. ఒకప్పుడు కాకినాడ, భీమిలి, విశాఖ రేవుల నుంచి కూలి కోసం రంగూన్ వెళ్లిన మనవాళ్లు డెక్కు మీదే చాపలు పరిచారు. ఎండా, వానా, సముద్రమూ కావలసినంత. వాళ్లకు లేనిది కిటికీ కాదు, గది. వారి మునిమనవలం గది దొరికాక కిటికీ కోసం ఏడుస్తున్నాం.

కాబట్టి కుటుంబ పెద్దలకు ఒక మనవి. ఒక బాల్కనీ గదిలో నలుగురిని కుక్కడానికి అయ్యే ఖర్చును, పక్కపక్కన రెండు లోపలి గదులకు అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి. లోపలి తలుపుతో కలిసే జంట గదులుంటే ఇంకా మేలు. ఓడ నడుమ, కింది డెక్కులో, పైనా కిందా కూడా గదులే ఉన్నచోట చూసుకోండి. మైనరు పిల్లల్ని విడి గదిలో ఉంచడానికి కంపెనీలకు నిబంధనలుంటాయి, ముందే అడగండి. రెండు గదుల తేడా భరించగలిగితే ఇంకేమీ ఆలోచించొద్దు. కిటికీ కొనకండి, రెండో బాత్రూమ్ కొనండి.